పదకొండు గంటల దోవ

పొద్దున ఆరు గంటలకు
పాతబస్టాండు కాడ బండి ఆపితే
నలభై మంది చుట్టూ మూగుతారు.
ఒక్కని ముఖమూ సూడను.
చేతులు సూస్తా.
సున్నం తిన్న వేళ్లు, కమ్మీ గీసిన అరచేతులు,
బొటనవేలి గోరు నల్లబడిందంటే సుత్తి కొత్త.
నవ్వేటోన్ని తీసుకోను.
వెనకాల నిలబడి బీడీ ఆర్పుతాండేటోడు
తాగుబోతన్నా అయింటాడు, పనిమంతుడన్నా అయింటాడు.
రెండూ ఒకడే అయిన రోజులూ ఉండాయి.
ఇరవై రెండేండ్ల మేస్త్రీతనంలో
నేను నేర్చిన చదువు ఇంతే.

ఇప్పుడు ఇల్లు కట్టించుకునేటోళ్లకు
పునాది కంటే ముందు బొమ్మ కావాల.
కల్లూరు పార్టీ ఖరాఖండిగా చెప్పినాడు:
"ఫోన్లో నా ఇంటి చుట్టూ నేను తిరగాల మద్దిలేటీ,
తిరిగినాకనే అడ్వాన్సు."

మా అక్క కూతురు ఉరుకుందమ్మ, పాలిటెక్నిక్ పిల్ల,
నవ్వింది.
"దానికీ అడ్డా ఉంది మామా, ఫోన్లోనే.
టీ కూడా తాపియ్యక్కర్లే."
ప్లాను పెట్టింది, రేటు పెట్టింది.
నేను తిని చెయ్యి కడుక్కునే లోపల
యాభైమూడు మంది.

అందరూ నవ్వుతాండారు.
అందరూ మా పనిని శ్రద్ధగా చదివినారంట.
అందరికీ ఐదు చుక్కలకు ఆవగింజంత తక్కువ.
గంటకింత అని ఒకడు, మొత్తం గుత్త అని ఇంకొకడు.
ఒకడు సగానికి సగం తగ్గించి
అర్ధగంటకు మళ్లీ తగ్గించినాడు.
వాని ఇంట్లో ఏం జరుగుతాందో అని గుబులైంది.

"చేతులు యాడుండాయి పాపా?"
"చేతులు కనపడవు మామా. రివ్యూలు సూడల్ల."

"అట్లయితే ఒక ప్రశ్న అడుగు.
మే నెల, సాయంత్రం నాలుగు.
ఈ వంటింట్లో ఆడమనిషి పొయ్యి కాడ నిలబడితే
ఎండ యాడ కొడుతుంది?"
పిల్ల ఇంగ్లీషు చేసి పంపింది.

తొమ్మిది మంది పలికినారు.
మీరెట్లంటే అట్లే సార్ అని ఆరుగురు.
ఒకడు ఏసీ పెట్టించమన్నాడు.
ఒకడు ఎండను పసుపు గీతల్తో గీసి మరీ పంపినాడు,
తూర్పు నుంచి.

కడాకు మారిసెల్ అంట,
సముద్రం నడుమ ఏదో దీవి.
చుక్కలు లేవు. ముందు చేసింది ఒకటే పని, అదీ కోళ్ల షెడ్డు.
"మీ ఎండ సంగతి నాకు తెలీదు. పడమర కిటికీ ఉంది కదా,
వీపు మీద అనుకుంటా.
మా తట్టు ఇల్లంటే ముందు నీళ్లను అడుగుతాం.
మీ ఊర్లో నీళ్లు ఏ పక్క నుంచి వస్తాయి?"

నీళ్లా! కర్నూలుకా!
బిందెల కాడ కొట్లాడుకునే మా వీధికా
అని నోరు తెరిచి, మూసుకున్నా.
తుంగభద్ర ఊర్లోకి నడిచొచ్చిన ఆ అక్టోబరు.
మెట్లు లేని మిద్దె.
మా యమ్మ నడుముకు చీర కట్టి
వెంటిలేటర్లోంచి లాగిన రాత్రి.
గోడ మీద ఆ గీత, నా తల కంటే జానెడు పైన,
మూడుసార్లు సున్నం కొట్టినా ఊరి పైకొస్తాది.

"రాయి పాపా," అన్నా.
"మామూలుగా రావు. వచ్చిన యేడు అడక్కుండా వస్తాయి."

రెండో రోజు బొమ్మ వచ్చింది.
మెట్లు బయట.
కల్లూరు పార్టీ ముక్కు విరిచినాడు, అందం పోయిందని.
ఇంకా మాట్లాడుతాండాము.

ఉరుకుందమ్మ ఫోను నా ముందు పెట్టింది.
"ఈ మీట నొక్కు మామా, పని మూసేద్దాం."
"తక్కిన యాభైరెండు మంది?"
"వాళ్లకు మెసేజీ పోతాది. దానంతటదే."

దానంతటదే.

అడ్డా మీద మిగిలినోళ్లు
పదకొండు దాకా సూస్తారు.
మూసిన అంగడి మెట్ల మీద కూచ్చోని
మధ్యాహ్నానికి కట్టించుకున్న క్యారియరు
అప్పుడే విప్పుతారు.
ఆకలై కాదు,
నిండు క్యారియరు ఇంటికి తీసుకుపోలేక.
ఆ మెట్ల మీద నా చోటు
ఎడమ నుంచి మూడోది.

మేస్త్రీనైన కాణ్ణుంచి పదకొండు గంటలకు
నేను ఆ దోవన పోలేదు.
ఎంత పనున్నా కేసీ కాలువ గట్టు మీద చుట్టుకొని పోతా.

"నువ్వే నొక్కు పాపా," అంటి,
బండి తాళాలు వెతుక్కుంటా.
అవి జేబులోనే ఉండాయి.